అంగీకార పత్రం

తొమ్మిదో తారీఖు కావడంతో ఆరోగ్య కేంద్రం వరండా కిటకిటలాడుతోంది. సురక్షిత మాతృత్వ అభియాన్ కింద నెలనెలా గర్భిణులకు పరీక్షలు చేసే రోజది.

పీజీ నర్సింగ్ ప్రాజెక్టుకి నేను తీసుకున్న అంశం, ఇరవై నిండకుండా తల్లులవుతున్న పిల్లల్లో కాన్పు భయం. 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–19 ఏళ్ల ఆడపిల్లల్లో 12.6 శాతం మంది అప్పటికే తల్లులు, లేదా కడుపుతో ఉన్నవాళ్లు. దేశం మొత్తమ్మీద 6.8 శాతమే. ఇన్ని వేల మంది పిల్లలు ఏం తలుచుకుని వణుకుతున్నారో ఎవరో ఒకరు కూర్చుని అడగాలి కదా!

కొలవడానికి వైమా ప్రశ్నావళి ఉంది. 1998లో స్వీడన్ పరిశోధకులు తయారుచేసింది. ముప్ఫై మూడు ప్రశ్నలు, ఒక్కోదానికి సున్నా నుంచి ఐదు మార్కులు. మొత్తం 85కి చేరితే తీవ్రమైన భయమని లెక్క.

నా ముందు కూర్చున్న పిల్లకి పద్దెనిమిది దాటి రెండు నెలలైంది. ఎనిమిదో నెల. పదో తరగతి పరీక్షలు కాగానే పెళ్లి చేశారట. పురిటికి పుట్టింటికొచ్చింది. ఆధార్, స్కానింగ్ కాగితాలు పెట్టిన ప్లాస్టిక్ కవరు తల్లి చేతిలోనే ఉంది. పేరడిగినా, నెలలడిగినా జవాబు ఆవిడే చెబుతోంది.

"రాసుకోండి మేడం, దానికేం తెలుసు!"

"తనే చెప్పాలమ్మా, రూలు," అని ఆవిడని బీపీ లైన్లోకి పంపాను.

అంగీకార పత్రం చదివి వినిపించాను. నీకిష్టమైతేనే జవాబులు చెప్పు, ఇష్టం లేకపోతే వద్దను, మధ్యలో ఎప్పుడైనా ఆపేయమను, దానివల్ల నీకిచ్చే వైద్యంలో ఏ తేడా రాదు.

"ఇంకోసారి చదవండి మేడం."

చదివాను.

"వద్దనొచ్చా?"

"నిక్షేపంగా."

"మా అమ్మకి చెబుతారా?"

"చెప్పను."

"మీకు కోపం రాదా?"

"ఎందుకొస్తుంది తల్లీ!"

పెన్ను మూత తీసింది, మళ్లీ పెట్టేసింది. "అయితే నాకొద్దు మేడం."

"సరేనమ్మా," అని కాగితాలు ఫైల్లో పెట్టేసి, తర్వాతి పేరు పిలవబోయాను. ఆ పిల్ల మాత్రం కుర్చీలోంచి లేవలేదు.

"ఏమ్మా, కాన్పంటే భయంగా ఉందా?"

"అది కాదు మేడం. అడగండి, అన్నీ చెబుతా," అని పెన్ను కోసం చెయ్యి చాచింది. "వద్దంటే ఆగుతారేమో చూద్దామని అన్నానంతే."