యముడికీ కావాలి టీఆర్పీ

మన దేశంలో చావడానికి దారులు బోలెడున్నాయి. టీవీకెక్కే యోగం మాత్రం కొన్ని చావులకే ఉంది.

2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారని కేంద్ర రవాణా శాఖే లెక్క చెప్పింది. రోజుకి 460 మందికి పైమాటే. అందులో హెల్మెట్ పెట్టుకోనివాళ్లు 50,029 మంది. సెలవు లేకుండా, పండగ పూట కూడా ఇంత నమ్మకంగా పనిచేసే శాఖ యమధర్మరాజు కొలువులో ఇంకొకటి ఉండదు. పాపం, దానికి పబ్లిసిటీయే కరువు. జిల్లా ఎడిషన్‌లో లోపలి పేజీ, సింగిల్ కాలమ్, ‘గుర్తుతెలియని వాహనం ఢీకొని ఒకరి మృతి’. ఆ గుర్తుతెలియని వాహనం ఇన్నేళ్లుగా ఎవరికీ గుర్తు తెలియకుండానే తిరుగుతోంది.

ఎందుకంటే విజువల్స్ లేవు. ఊడిపోయిన చెప్పొకటి, పగిలిన అద్దం ముక్కలు, వాటి మీద ఎవరో పోసిన ఇసుక. దీంతో గంట షో ఎలా నడుపుతారు? అదే 2018లో శ్రీదేవి దుబాయ్ హోటల్లో బాత్‌టబ్‌లో మునిగి చనిపోయినప్పుడు చూశాం కదా. ఒక తెలుగు చానల్ రిపోర్టరు స్వయంగా బాత్‌టబ్‌లో పడుకుని మరీ వివరించాడు. బకెట్టు, చెంబు తప్ప ఎరగని ఇళ్లలో కూడా ఆ వారమంతా బాత్‌టబ్ లోతు మీద చర్చలు నడిచాయి.

2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో విమానం కూలింది. అందులో ఉన్న 242 మందిలో 241 మంది, కింద మరో 19 మంది చనిపోయారు. దేశమంతా ఏడ్చింది, ఏడవాల్సిన విషయమే. ఆ తర్వాత వారానికి మా బాబాయ్ బెంగళూరులో ఉన్న కొడుక్కి ఫోన్లో హితబోధ చేస్తూ మా వీధి మలుపులో కనిపించాడు. “ఒరేయ్, విమానం మాట ఎత్తకు. శుభ్రంగా కారేసుకుని రా. రాత్రి పదింటికి బయల్దేరితే తెల్లారేసరికి హైదరాబాద్‌లో ఉంటావు.” అంటే పగలంతా ఆఫీసులో కూర్చుని, రాత్రంతా ఒక్కడే స్టీరింగ్ పట్టుకుని, లైట్లు లేకుండా పక్కన ఆపిన లారీలను చీకట్లో తప్పించుకుంటూ 570 కిలోమీటర్లు రావాలన్నమాట. ఇది క్షేమం కోరే తండ్రి సలహా. ఆ సలహా ఇస్తున్నప్పుడు బాబాయ్ స్కూటర్ నడుపుతున్నాడు. చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించాడు. హెల్మెట్ లేదనుకునేరు, ఉంది. ఎడమవైపు అద్దానికి తగిలించి ఉంది. తలకంటే అద్దం ఖరీదైనది కాబోలు.

ఆ విమాన ప్రమాదంలో బతికిన ఒకే ఒక్క ప్రయాణికుడిది 11ఏ సీటని తెలియగానే ఆ నంబరుకి ఎక్కడలేని గిరాకీ వచ్చింది. ఒక విమానంలో ఎమర్జెన్సీ తలుపు పక్కనుండే 11ఏ ఇంకో విమానంలో మరెక్కడో ఉంటుందని ఎవరైనా చెప్పబోతే వినేదెవరు? రేపో మాపో ఆ సీటుకి వాస్తు కూడా కుదురుతుంది.

ఇలాంటి బాబాయిలు మనకే ఉన్నారని గర్వపడక్కర్లేదు. 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత అమెరికాలో చాలామంది విమానాలు మానేసి కార్లెక్కారు. అలా ఏడాదిలో సుమారు 1,500 మంది అదనంగా రోడ్ల మీద చనిపోయారని గెర్డ్ గిగరెంజర్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త లెక్కగట్టాడు. కూలిన నాలుగు విమానాల్లోని ప్రయాణికులకి దాదాపు ఆరు రెట్లు. వీళ్లకి స్మారకం లేదు, స్పెషల్ బులెటిన్ లేదు. పోయినవాళ్లలో ఎవరు భయంతో కారెక్కారో, ఎవరు పనుండి ఎక్కారో తేల్చేదెలా?

మనిషికి ఏది చప్పున గుర్తొస్తే అదే ఎక్కువ జరుగుతోందని అనిపిస్తుందని ట్వెర్‌స్కీ, కానమన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1973లోనే రాశారు. కానమన్‌కి 2002లో అర్థశాస్త్రంలో నోబెల్ కూడా వచ్చింది. ఆ సూత్రం మన చానళ్లకి నోబెల్ లేకుండానే తెలుసు.

పోనీ టీవీని తిట్టేసి చేతులు దులుపుకుందామా అంటే, 1979లో మన పల్లెల్లో టీవీ ఎక్కడిది? ఆ జూలైలో నాసా వారి అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ ఆకాశం నుంచి పడబోతోందని రేడియో చెప్పింది, పేపర్లు రాశాయి, మిగతాది రచ్చబండ పూర్తిచేసింది. దాని ముక్క భూమ్మీద ఎవరో ఒకరికి తగిలే అవకాశం 152లో ఒక వంతని నాసా అంది. ఫలానా మనిషికే తగిలే అవకాశమైతే 60 వేల కోట్లలో ఒక వంతు. మనవాళ్లు ఆ ఒక్క వంతునే పట్టుకున్నారు. ఎలాగూ పోతున్నాం కదా అని కోళ్లు, మేకలు కోసుకుని తిన్నారు. గొడ్డూ గోదా, పొలమూ అమ్మి కల్లు తాగారు. అమ్మినవాళ్లని తలుచుకుని ఇప్పటికీ నవ్వుకుంటాం. నా అనుమానమల్లా కొన్నవాళ్ల మీదే. లోకం ముగిసిపోతుంటే ఎకరాలు కొన్న ఆ మహానుభావుడెవరు? వార్త చివరిదాకా విన్నవాడు ఊరికొక్కడైనా ఉండే ఉంటాడు.

జూలై 11న స్కైలాబ్ ముక్కలు హిందూ మహాసముద్రంలో, పశ్చిమ ఆస్ట్రేలియాలో పడ్డాయి. ఒక్కరికీ దెబ్బ తగల్లేదు. చెత్త వేసినందుకు ఎస్పరెన్స్ అనే ఊరివాళ్లు నాసాకి 400 డాలర్ల జరిమానా రాశారు. మనవాళ్లు పిల్లలకి స్కైలాబ్ అని పేరు పెట్టుకున్నారు. నిజం చెప్పాలంటే ఆ భయాన్ని పూర్తిగా వెక్కిరించలేం. అంతకు రెండేళ్ల ముందే, 1977 నవంబర్‌లో దివిసీమ ఉప్పెన ఒక్క రాత్రిలో పదివేలకు పైగా ప్రాణాలు తీసుకుపోయింది. పైనుంచి వచ్చేదాన్ని చూసి బెదరడానికి కోస్తావాళ్లకి కారణం ఉంది.

జనం ఆకాశంకేసి చూస్తున్న ఆ తొలకరి రోజుల్లో కూడా చావు గట్టు మీద, గడ్డివాము కింద చుట్ట చుట్టుకుని పడుకునే ఉంటుంది. 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో ఏటా సగటున 58,000 మంది పోయారని 2020లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం తేల్చింది. ఎక్కువ మంది పోయిన రాష్ట్రాల్లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. మరి పాముకి టీవీలో చోటు లేదా అంటే, ఎందుకు లేదు? శివలింగానికి చుట్టుకుంటే లైవ్, పగబట్టిందంటే అరగంట ప్రోగ్రాం. పక్క పీహెచ్‌సీలో విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉందా లేదా అన్నదే ఇంతవరకు ఎపిసోడ్ కాలేదు.

గురి తప్పిన భయం స్కైలాబ్‌తో ఆగిపోలేదు. 2020 ఫిబ్రవరిలో చికెన్ తింటే కరోనా వస్తుందని వాట్సాప్ తీర్పిచ్చింది. కోళ్ల రైతు మునిగిపోయాడు. ఫిబ్రవరి 28న హైదరాబాద్‌లో కేటీఆర్, ఈటల రాజేందర్ వంటి మంత్రులే వేదికెక్కి చికెన్ తిని చూపించాల్సి వచ్చింది. మార్చి 2న తెలంగాణలో మొదటి కేసు బయటపడింది. అది కోడి మీద ఎక్కి రాలేదు. మనిషితోపాటు విమానంలోనూ బస్సులోనూ వచ్చింది.

ఇన్ని చెప్పాక బాబాయ్ హెల్మెట్ సంగతి. అది అద్దం నుంచి తల మీదికి చేరే చోటు ఒక్కటే, ట్రాఫిక్ పోలీసు కెమెరా పట్టుకుని నిలబడే చౌరస్తా. చలానా ఫొటోతో సహా ఫోన్‌కి వస్తుంది కాబట్టి దానికి భయం. పుర్రె పగిలితే ఫొటో ముందుగా రాదు కదా! ఆ ఉన్న కాస్త భయానికీ 2023 డిసెంబర్‌లో తెలంగాణ సర్కారు టూవీలర్ల పాత చలానాల మీద 80 శాతం డిస్కౌంట్ ప్రకటించింది. ఆషాఢం సేల్‌లో కూడా అంత తగ్గింపు దొరకదు.

చానళ్లవారికి ఒక మనవి. స్క్రీన్ కింద బంగారం ధర రోజూ వేస్తున్నారు. కరోనా రోజుల్లో జిల్లాలవారీగా కేసులు, మరణాలు క్రమం తప్పకుండా వేశారు. అదే పట్టీలో నిన్న రెండు రాష్ట్రాల రోడ్ల మీద ఎంతమంది పోయారో, అందులో హెల్మెట్ లేనివాళ్లెందరో కూడా వేయండి. పోలీసుల దగ్గర ఆ లెక్క ఎలాగూ ఉంటుంది. ఎర్ర రంగు, ఢమఢమ సంగీతం మీ ఇష్టం.