ట్యాబ్ కీ జోలికి పోవద్దు

నూజివీడులో మామిడి కమీషన్ కొట్టు నడుపుతూ, సీజన్ పట్టీలన్నీ కంప్యూటర్లో దాచుకునేవారి మేలు కోరి రాస్తున్నాను. ఇంజనీర్లెవరూ ఒప్పుకోని సలహాలివి, కాబట్టి నిశ్చింతగా పాటించవచ్చు.

ముందు, తెర మీద రెండు గడులుండే ఫైలు మేనేజర్ తెచ్చుకోండి. ఎడమ గడిలో ఈ ఏటి లెక్కలు, కుడి గడిలో నిరుటివి. రెండింటికీ ‘రసాలు’ అని ఒకటే పేరు పెట్టండి. ఏడాది కూడా రాస్తే పేరు పొడుగైపోతుంది. ఈ రెండు గడుల పద్ధతిని జనంలోకి తెచ్చింది 1986 నాటి నార్టన్ కమాండర్. ట్యాబ్ కొడితే ఈ గడి నుంచి ఆ గడికి పోవచ్చు. టోటల్ కమాండర్‌లో ఇప్పటికీ అదే తీరు. మనకెందుకండీ? మౌస్ ఉందిగా! చిన్న రసం పిసికిన చేత్తో పట్టుకుంటే అదెక్కడికీ జారిపోదు.

ఎఫ్5 కొడితే, మనమున్న గడిలోని ఫైలు ఎదుటి గడిలోకి కాపీ అవుతుంది. ఏ గడిలో ఉన్నామో చూసుకోవడం అనుమానం మనుషుల పని. నిరుటి ఫైలు వచ్చి ఈ ఏటి దాని మీద కూర్చోబోతూ, ‘పాతది చెరిపేయమంటారా?’ అని అడుగుతుంది. చదవకండి. బయట ట్రాక్టరు హారన్ కొడుతుంటే చదువులేమిటి? ‘అన్నిటికీ సరే’ అనేయండి. ఆగిరిపల్లి రైతుకి నిరుటి రేటే పడుతుంది. నిరుడు రేటు తక్కువైతే మీ అదృష్టం, ఎక్కువైతే ఆయనది.

ఎఫ్6 ఇంకా ముచ్చటైనది. విండోస్ ఎక్స్‌ప్లోరర్‌లో అది అడ్రసు గడి, ఎడమవైపు ఫోల్డర్లు, ఫైళ్ళ జాబితా, వీటి మధ్య మనల్ని తిప్పుతుంది. కమాండర్‌లో మాత్రం ఫైలునే ఎత్తి అవతల పడేయడానికి సిద్ధమవుతుంది. అందుకని పొద్దున ఎక్స్‌ప్లోరర్, సాయంత్రం కమాండర్ వాడండి. గడి మారదామని ఎఫ్6 కొట్టి, వెంటనే ఎంటర్ కూడా కొడితే, మీరు ఉన్నచోటే ఉంటారు, ఫైలు గడి మారుతుంది.

మానిటర్ అంచున ఎడమ పక్క ‘ఈ ఏడు’, కుడి పక్క ‘నిరుడు’ అని స్టిక్కర్లు అంటించండి. గుమస్తా టీకి లేవగానే కంట్రోల్, యు కలిపి నొక్కండి. గడులు రెండూ తారుమారవుతాయి. స్టిక్కర్లు మారవు. అతనికి చెప్పకండి, మామిడి రోజుల్లో ఎవరి పనుల్లో వాళ్ళుంటారు.

ఊళ్ళో 2008 నుంచీ ట్రిపుల్ ఐటీ ఉంది. అక్కడ చదివే మేనకోడలు వచ్చి, ‘మావయ్యా, లైనక్స్‌లో మిడ్‌నైట్ కమాండర్ ఉంది, ఎఫ్8 మాత్రం చూసి కొట్టు, అందులో చెత్తబుట్ట ఉండదు, తీసేస్తే పోయినట్టే’ అంటుంది. చెత్తబుట్ట ఊడ్చే పని తప్పిందని సంతోషించి, వెంటనే పెట్టించుకోండి.

తోటల అడ్వాన్సుల ఫైలు అలాగే మాయమైందా? కంగారెందుకు? ఎంతిచ్చారో తోట ఆసామినే అడగండి. ఆయన చిట్టాలో పెన్నుతో రాసుకుని ఉంటాడు, తనకి అనుకూలంగా.