విగెలాండ్ వంతెనపై వెలువడిన ఏకవాక్యమునకు టీకాతాత్పర్యములు

అవతారిక: నార్వే రాజధాని ఓస్లోలో ఫ్రోగ్నర్ పార్కు అను ఉద్యానము కలదు. అందు గుస్తావ్ విగెలాండ్ (1869–1943) చేసిన రెండు వందలకు పైబడిన శిల్పములు ఆరుబయట ఎండకు ఎండుచు, మంచుకు తడియుచు నిలిచి ఉన్నవి. టికెట్టు లేదు. ఈ శిల్పి గడుసువాడు. 1921లో నగరపాలకులతో ఒప్పందము చేసికొని, తన శిల్పసంపదనంతయు ఊరికి వ్రాసి యిచ్చి, బదులుగా పనిచేసికొనుటకును నివసించుటకును ఒక భవనము కట్టించుకొనెను. నేడదియే మ్యూజియము. ఉద్యానములోని వంద మీటర్ల వంతెనపై ఇరువైపుల 58 కంచు విగ్రహములు. ఒక్కదానిపై నూలుపోగు లేదు. ఆ వంతెనపై, వేసవి సెలవులలో, భార్యాపుత్రసమేతుడైన ఒకానొక తెలుగు గృహస్థు సెల్‌ఫోను పైకెత్తి పలికినది ఈ వాక్యము.

మూలము: "అటు చూడకు నాన్నా, ఇటు చూడు... ఆఁ, నవ్వు!"

ప్రతిపదార్థము: నాన్నా = ఓ కుమారా; అటు = ఆ దిక్కునకు, అనగా ఏ దిక్కునకైనను; చూడకు = కన్నెత్తకుము, ముఖ్యముగా ఏమియు అడుగకుము; ఇటు = ఆరంగుళముల తెర వైపునకు; చూడు = రెప్ప వాల్పకుము; ఆఁ = (ఇది పాదపూరణము కాదు) వెనుకనున్న కంచుమనిషి మెడ వరకే ఫ్రేములో పడెనని తెలియగా పుట్టిన ఊరట; నవ్వు = పండ్లు కనబడునట్లుండుము.

తాత్పర్యము: కుమారా! వీసా తెచ్చుకొని, సముద్రములు దాటి, అప్పు చేసి నిన్ను దేనిని చూపింప తెచ్చితినో దానిని చూడక, ఇంటివద్ద ఉచితముగా లభించు నా ముఖమునే చూడుమని భావము.

శంక: చూడకూడనిదైనచో తీసికొని రానేల?

సమాధానము: ఓస్లోలో చూడదగినవాటి జాబితాలన్నిటను ఇది కలదు. జాబితా ప్రమాణము. ప్రమాణము ముందు రుచికి తావు లేదు.

శంక: మన గుళ్ల స్తంభములపై ఇట్టివి లేవా? వాటి నడుమ ఈ గృహస్థే ప్రసాదము తినుచు కూర్చుండలేదా?

సమాధానము: కూర్చుండెను. కాని అవి జానెడేసి బొమ్మలు. పైగా అప్సరసలు, గంధర్వులు, మనకు చుట్టరికము లేనివారు. ఇచట ఉన్నవారు నిలువెత్తు మామూలు మనుషులు. ఒకడు తన్ను ముసిరిన నలుగురు పసివాండ్రను కాలితో, చేతులతో ఎగురగొట్టుచుండును. మరికొంత దూరము పోగా, వంగిన తల్లి వీపుపై ఇద్దరు పిల్లలెక్కి, ఆమె జడనే నోటికి కళ్లెముగా వేసి స్వారీ చేయుచుందురు. బట్ట కట్టినచో ఇది ఫలానా కాలము, ఫలానా దేశమని తప్పించుకొనవచ్చును. బట్ట లేదు గనుక తప్పించుకొను దారియు లేదు. గృహస్థుని ఇబ్బంది దిగంబరత్వము వలన కాదు, పోలిక వలననే అని ఈ టీకాకారుని మతము. ఆ తల్లి శిల్పము ఎదుట గృహిణి చాలసేపు నిలిచి, భర్త వంక ఒకసారి చూచెను. ఆ చూపునకు టీక అక్కరలేదు.

ఇదే ఉద్యానములోని ఏకశిలాస్తంభమును గూర్చి ఒక మాట. ఒకే గ్రానైటు రాతిలో 121 దేహములు ఒకదానిపై ఒకటి పెనవేసికొని పైకి ప్రాకుచుండును. చెక్కుటకు ముగ్గురికి 14 ఏండ్లు పట్టెను. దీనిని ఏ కోణమున తీసినను మెడ వరకు కోయుట సాధ్యము కాదు. కావున ఫోటో లేదు.

విశేషము: వంతెనపై సిన్నటాగెన్ అను విగ్రహము కలదు. పిడికిళ్లు బిగించి, ఒక కాలెత్తి నేలకు తాటింపబోవుచు, నోరు తెరచి ఏడ్చు పసివాడు. వాని ఎడమచేయి బంగారమువలె మెరయును. కంచుపై కాలక్రమమున ఏర్పడు నల్లని పొర, వచ్చినవారెల్ల చేయి పట్టుకొనుటచే అరిగి లోని లోహము బయటపడినది. అటు చూడవద్దనిపించుకొన్న పిల్లవాడు ఆ చేయి పట్టుకొని, తానును కాలెత్తి, ఐస్‌క్రీము కావలెనని రాగము తీసెను. తిరుగు ప్రయాణమున ఫ్రేముకు చిక్కిన ఫోటో ఇదియొక్కటే.

ఫలశ్రుతి: ఫోటో ఆ రాత్రియే కుటుంబపు వాట్సాప్ గ్రూపునకు చేరెను. అనకాపల్లి నుండి నాయనమ్మ వాయిస్ మెసేజి: "మనాడు బాగున్నాడు గానీ, పక్కనున్న ఆ పిల్లాడెవడర్రా? అంత చలిదేశంలో చొక్కా లేకుండా వదిలేశారు, వాళ్లమ్మ ఎక్కడికి పోయింది?"