పోపు పడని ఇల్లు: తాత్కాలిక నివాసంపై ఒక పరిశీలన

ఉద్యోగం మీద విదేశానికి వెళ్లిన కుటుంబానికి అద్దె ఇల్లు దొరికేదాకా కంపెనీ తన ఖర్చుతో చూపించే బసను సర్వీస్డ్ అపార్ట్‌మెంట్ అంటారు. హోటల్ గదికి వంటగదిని, బట్టలుతికే యంత్రాన్ని, నలుగురు కూర్చోగల హాలును జతచేసి, దుప్పట్లు మార్చి నేల తుడిచే బాధ్యతను మాత్రం హోటల్ పద్ధతిలోనే ఉంచితే ఏర్పడేది ఈ నివాసం. 1975లో అమెరికాలోని కాన్సస్ రాష్ట్రం విచిటా నగరంలో జాక్ డిబోర్ ప్రారంభించిన రెసిడెన్స్ ఇన్ ఇలాంటి దీర్ఘకాలపు బసకు దారి చూపగా, 1984లో సింగపూర్‌లో తెరిచిన ది ఆస్కాట్ ఆసియాలో ఈ పద్ధతికి తొలినాటి ఉదాహరణగా నిలిచింది. సింగపూర్ చట్టం ప్రకారం ప్రైవేటు ఇళ్లను మూడు నెలలకు తక్కువగా అద్దెకివ్వరాదు. సర్వీస్డ్ అపార్ట్‌మెంటులోనైతే ఏడు రోజులున్నా చాలు. అందువల్ల హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో పెట్టెలతో దిగి, నెల రోజుల నీడ కోసం వెతికే సంసారం ఈ గూటికి చేరడం ఇష్టానిష్టాలతో నిమిత్తం లేని విషయం.

ఇల్లు విడిచి వచ్చినట్టే ఉండదని ఇలాంటి బసలన్నీ ప్రకటించుకుంటాయి. అయితే అది ఎవరి ఇల్లన్న ప్రశ్నకు జవాబు ఆ ప్రకటనల్లో కాక, వంటగది సొరుగులో ఉంచే వస్తువుల జాబితాలో దొరుకుతుంది. నాలుగు పళ్లేలు, నాలుగు ఫోర్కులు, నాలుగు వైన్ గ్లాసులు, సీసా బిరడా లాగడానికొక మర, రొట్టె కోసే రంపపుకత్తి అందులో విధిగా ఉంటాయి. పోపు గరిటె, అట్లకాడ, పట్టకారు, చారు గిన్నె ఉండవు, స్నానాలగదిలో మగ్గు అసలే ఉండదు. ఉదయం రొట్టె కాల్చుకుని, రాత్రి ద్రాక్షసారా పుచ్చుకుని, మధ్యాహ్నం బయట భోంచేసే ఒక ఊహాకుటుంబం కోసం ఏర్పాటైన ఆ ఇంట్లో, మూడు పూటలా వండుకునే తెలుగు కుటుంబం దిగుతుంది. ఈ రెండు కుటుంబాలకూ మధ్యనున్న దూరాన్ని పూడ్చే తొలి ప్రయత్నంగా, దిగిన సాయంత్రమే ఇంటాయన సమీపంలోని దుకాణానికి పరుగెత్తి ఒక ప్లాస్టిక్ మగ్గు కొనితెస్తాడు. ఆర్చర్డ్ రోడ్డును, సముద్రతీరాన్ని చూడడం ఆ తర్వాతి మాట.

దేశం నుంచి తెచ్చుకున్న సామానులో కొన్ని ఇక్కడ చెల్లుతాయి, కొన్ని చెల్లవు. సింగపూర్ విద్యుత్తు మనదేశంలో మాదిరిగానే 230 వోల్టులు, 50 హెర్ట్జులు గనుక మిక్సీ నిక్షేపంగా తిరుగుతుంది. 120 వోల్టుల అమెరికాలో దానికి ఈ యోగం లేదు. గోడలోని దీర్ఘచతురస్రపు రంధ్రాలలో మన గుండ్రటి ప్లగ్గు దూరదు గనుక మధ్యవర్తిగా ఒక అడాప్టరు కావాలి, అంతే. గసగసాల సంగతి వేరు. నల్లమందు మొక్క గింజలైన గసగసాలను సింగపూర్ మాదకద్రవ్యాల నియంత్రణ శాఖ నిషిద్ధ వస్తువుల్లో చేర్చినందున, మసాలాకూర కోసం పొట్లం కట్టి కూతురి పెట్టెలో సర్దబోయే తల్లి తెలియకుండానే అంతర్జాతీయ నేరపరిశోధన పరిధిలోకి అడుగుపెడుతున్నట్టు లెక్క.

అసలు సమస్య పొయ్యి దగ్గర మొదలవుతుంది. ఇండక్షన్ పొయ్యి అంటే మంట లేని నల్లని గాజు పలక. దాని కింది రాగి తీగచుట్టలో ప్రవహించే విద్యుత్తు మారుతున్న అయస్కాంత క్షేత్రాన్ని పుట్టించగా, ఆ క్షేత్రం గిన్నె అడుగునున్న ఇనుములో ప్రవాహాలను రేపి గిన్నెనే వేడెక్కిస్తుంది. అయస్కాంతం అంటుకోని అల్యూమినియం కుక్కరును ఆ పలక గుర్తించనే గుర్తించదు, అడుగు గుండ్రంగా ఉండే మూకుడు దానిమీద కుదురుగా నిలవదు. తెనాలిలో ఉన్న అత్తగారు వీడియో కాల్‌లో వంటగదినంతా తిప్పి చూపించమని, "అమ్మాయ్, అంతా బాగానే ఉంది గానీ పొయ్యేదమ్మా?" అని అడిగితే, "ఇదే అత్తయ్యా, ఈ నల్ల గాజే" అని కోడలు వేలితో తట్టి చూపించవలసి వస్తుంది. నెలనాళ్ల ఇంటికైనా పాలు పొంగించకుండా వంట మొదలుపెట్టకూడదన్నది ఆవిడ శాసనం. కోడలు ఆ శాసనాన్ని పాటిస్తుంది. పాలు శుభప్రదంగా తూర్పు వైపుకే పొంగుతాయి. పొంగిన పాలు గాజు మీది స్పర్శ మీటలను తాకిన వెంటనే పొయ్యి కీచుకీచుమని అరిచి తనంతట తానే ఆగిపోతుంది. మన శాస్త్రం శుభమని చెప్పే ఘట్టాన్ని ఆ యంత్రశాస్త్రం ప్రమాదంగా లెక్కిస్తుంది.

దీనికి తోడు నడినెత్తిన పొగను పసిగట్టే పరికరం ఒకటి కాపలా కాస్తూ ఉంటుంది. ఎక్కువగా వాడే రకంలో ఒక చిన్న గదిలో కాంతికిరణం ప్రసరిస్తూ ఉండగా, లోపలికి చొరబడిన పొగరేణువులు ఆ కాంతిని పక్కకు చెదరగొట్టి గ్రాహకం మీద పడేట్టు చేస్తాయి, గంట మోగుతుంది. తెర అంటుకున్న పొగకూ, కాగిన నూనెలో ఎండుమిరపకాయలు వేగిన పొగకూ తేడా తెలుసుకునే తెలివి దానికి లేదు. ఈ చిక్కును ఎదుర్కొనే విషయంలో గృహిణులు మూడు పక్షాలుగా చీలిపోయారు. బాల్కనీ తలుపు బార్లా తెరిచి, భర్తను పరికరం కింద తువ్వాలుతో నిలబెట్టి విసిరించేవారు మొదటి పక్షం. మైక్రోవేవ్‌లో ఆవాలు చిటపటలాడించి అదీ పోపేనని వాదించేవారు రెండవ పక్షం. పోపంతా పుట్టింటిలోనే వేయించి సీసాలో నింపి తెచ్చుకునే దూరదృష్టిపరులు మూడవ పక్షం. పరికరానికి ప్లాస్టిక్ సంచి తొడగాలనే నాలుగవ మతం కూడా వినవస్తుంది గానీ, అగ్నిమాపక నిబంధనలకు విరుద్ధం, పైగా నిజంగా ప్రమాదకరం గనుక అది పరిగణనకు రాదు. రిసెప్షన్ నుంచి ఫోను వచ్చినప్పుడు "పప్పులోకి తాలింపండీ" అన్న వాక్యాన్ని ఇంగ్లీషులో అనువదించగలిగినవారు ఇంతవరకు ఏ పక్షంలోనూ లేరు.

పొగ పోతుంది, మరక పోదు. పసుపుకు రంగునిచ్చే కర్‌క్యుమిన్ అనే పదార్థం నీటికన్నా నూనెలో బాగా కరుగుతుంది గనుక, పులుసు ఒలికిన తెల్లని బల్లగుడ్డ నీళ్లతో శుభ్రపడదు. కంగారుపడి సబ్బు పెడితే క్షారం తగిలి పసుపు మరక ఎర్రమరకగా మారుతుంది. పసుపులో సున్నం కలిపి పారాణి చేసే ఇళ్లలో పుట్టిపెరిగినవారికి ఈ రసాయనచర్య కొత్త కాకపోయినా, అది పెళ్లికూతురి పాదాల మీద కాక హోటల్ వారి గుడ్డ మీద జరగడం కొత్త. కర్‌క్యుమిన్ ఎండకు విరిగిపోతుంది గనుక గుడ్డను బాల్కనీలో ఆరేస్తే చాలు; అయితే బాల్కనీ కమ్మీల మీద బట్టలు ఆరేయరాదన్నది ఇలాంటి భవనాల నిబంధనల్లో సాధారణంగా కనిపించేది. మందు తెలిసీ వాడలేని ఈ స్థితిలో, గుడ్డను కుర్చీ వీపున కప్పి, ఆ కుర్చీని కిటికీలో ఎండ కదిలిన దిక్కుకల్లా జరపడం ఇంటాయన వారాంతపు విధిగా పరిణమిస్తుంది.

ఇడ్లీపిండి కథ మరింత లోతైనది. పిండిని పొంగించే ల్యూకోనోస్టాక్ జాతి సూక్ష్మజీవులకు వెచ్చదనం కావాలి. భూమధ్యరేఖకు ఆనుకుని ఉన్న సింగపూర్‌లో వెచ్చదనానికి లోటేమీ లేదు గానీ, అదంతా కిటికీ అవతలే ఉంటుంది. లోపల ఏసీ పుణ్యమా అని మాఘమాసం నడుస్తూ ఉంటుంది. కేకులు కాల్చడానికి అమర్చిన ఓవెన్‌కు తెలుగువారు కనిపెట్టిన అసలైన ప్రయోజనం ఇక్కడే బయటపడుతుంది: పొయ్యి వెలిగించకుండా లోపలి బల్బు ఒక్కటే వేసి, పిండిగిన్నెను అందులో పెట్టి తలుపు మూస్తే తెల్లవారేసరికి పిండి గిన్నె అంచు దాటుతుంది.

ఇంతలో శుభ్రపరిచే మనిషి వస్తుంది. ఆమె వచ్చి శుభ్రం చేయడమే ఈ బసకు ఆ పేరు రావడానికి కారణం. అయితే తెలుగింటి ఇల్లాలు పరాయి మనిషి కంట అంట్లగిన్నెలు పడనివ్వదు. అందువల్ల ఆమె వచ్చే రోజున తెల్లవారుజామునే లేచి, గిన్నెలు తోమి, గట్టు తుడిచి, పక్కబట్టలు మడిచి, ఓవెన్‌లోని పిండిని అల్మారాలోకి తరలించి, ఇంగువ వాసన పోయేందుకు కిటికీలు తీసి, అలసిపోయి తలుపు తీస్తుంది. కంపెనీ డబ్బు చెల్లిస్తున్న సేవను కుటుంబం ఉచితంగా చేసిపెట్టే ఈ ఏర్పాటును అర్థశాస్త్రజ్ఞులు ఇంకా పట్టించుకోవలసి ఉంది.

వీటన్నిటి వెనుక ఒకే సూత్రం కనిపిస్తుంది. మనుషులుండి వెళ్లిన ఆనవాలు మిగలకపోవడం సర్వీస్డ్ అపార్ట్‌మెంటుకు ధర్మం. పోపు వాసన, పసుపు మరక, గోడకు అంటిన పాల చుక్క వంటి ఆనవాళ్లు పోగుపడుతూ పోవడమే తెలుగింటికి ధర్మం. ఈ రెండు ధర్మాలకూ పొత్తు కుదరదు గనుకనే గడువు ముగియకముందే కుటుంబం ఏజెంటును వెంటబెట్టుకుని ఇళ్ల వేటకు బయలుదేరుతుంది. అక్కడ ఎదురయ్యే చివరి పరీక్ష 'లైట్ కుకింగ్' అన్న షరతు. సింగపూర్ అద్దె ప్రకటనల్లో, ముఖ్యంగా ఇంట్లో ఒక గదిని అద్దెకిచ్చే చోట, తరచుగా కనిపించే ఈ మాటకు నూడుల్స్ ఉడికించుకోవడం, గుడ్డు వేయించుకోవడం, మిగిలినది వేడిచేసుకోవడం అని యజమానుల భావం. తెలుగు వ్యాఖ్యానం ప్రకారం పిండివంటలు లేనిదల్లా తేలికపాటి వంటే. కనుక ఒప్పందం మీద సంతకం చేసిన నాటి సాయంత్రం పప్పు, పులుసు, వంకాయ వేపుడు, అప్పడాలతో ముగించి, బూరెలు వండకుండా నిగ్రహించుకున్న కుటుంబం తాను షరతును అక్షరాలా పాటించానని మనస్ఫూర్తిగా నమ్ముతుంది.