వారం పాసు బాబాయి గారు

అమెరికాలో తెలుగువాళ్ళు స్థిరపడ్డ ప్రతి కౌంటీలోనూ ఈయన ఒకరుంటారు. ఇంటిపేరు మారుతుంది, జిల్లా మారుతుంది, మనిషి మాత్రం ఆయనే. మే నెలాఖరున పిన్ని గారితో, కొత్తావకాయతో సహా విమానం దిగుతారు. చలి మొదలయ్యేలోగా తిరుగు ప్రయాణం కడతారు. మధ్యలో ఆ నాలుగైదు నెలలూ కొడుకింట్లో మహారాజులా ఉంటారు. అంటే మహారాజుకు లాగే గడప దాటాలంటే ఎవరో ఒకరు బండి కట్టాలి.

ఊళ్ళో ఆయన మాట లేనిదే గేదె బేరం తెగదు, గట్టు తగాదా తేలదు, పెళ్ళి సంబంధం ముందుకు కదలదు. ఇక్కడ జూన్ నెలంతా ఆయన్ని ఎవరైనా అడిగేది ఒకే ఒక్క ప్రశ్న: "నాన్నా, ఏసీ మీరేనా తగ్గించింది?" పొద్దున్నే కాలనీ చుట్టూ నడక, ఎదురుపడ్డ తెలుగు తండ్రిని "తమరిది ఏ జిల్లా?" అని ఆపడం, మధ్యాహ్నం డిష్‌వాషర్లో గిన్నెలు తీసి సర్దడం. నలభై ఏళ్ళు నలుగురిలో తిరిగిన మనిషికి ఇదొక రకం వానప్రస్థం. అది కూడా అడవి లేకుండా.

ఇలా ఉండగా ఒకరోజు పోస్టుడబ్బాలో రంగుల కాగితం వస్తుంది. కౌంటీ ఫెయిర్. వారం రోజులు. కాగితం మీద ఆవు బొమ్మ.

కొడుకు దాన్ని పిజ్జా కూపన్లతో కలిపి చెత్తలో వెయ్యబోతాడు. బాబాయి గారు చేత్తో ఆపి, కళ్ళజోడు పెట్టుకుని, పొలం దస్తావేజు చదివినట్టు మొదటి అక్షరం నుంచి చదువుతారు. చదివి, "వారం పాసు తీసుకుంటే మనకు కలిసొస్తుంది" అంటారు. ఆ ఇంట్లో ఎవరూ ఒక్కరోజు వెళ్దామని కూడా అనలేదని గమనించాలి.

ఈ ఫెయిరు సంగతి అన్నిచోట్లా ఒకటే కాదు. కొన్ని కౌంటీల్లో ఇది పాతకాలపు ముచ్చటగా మిగిలింది. వర్జీనియాలో లౌడన్ కౌంటీనే తీసుకోండి. యాష్‌బర్న్ చుట్టూ ఎటు చూసినా కిటికీల్లేని డేటా సెంటర్లు, వాటిని నమ్ముకుని వచ్చిన మనవాళ్ళ ఇళ్ళు. అక్కణ్ణుంచి కాస్త దూరం పోతే లీస్‌బర్గ్ దగ్గర జూలై నెలాఖరున మేకలు, పందులు, గడ్డిమోపులతో ఫెయిరు. ఒహాయోలో మొక్కజొన్న చేల మధ్య ఉండే కౌంటీల్లో అయితే ఇది ముచ్చట కాదు, సంవత్సరంలో అసలైన పండగ. బాబాయి గారికి మాత్రం రెండు చోట్లా ఒకటే. పేడ వాసన తగిలిందా, ఆయన నడుము నిటారైపోతుంది.

తొలిరోజు కుటుంబం మొత్తం వెళుతుంది. మనవలు జెయింట్ వీలు వైపు పరిగెడతారు. కోడలు వాళ్ళ వెనకాల. జెయింట్ వీల్లో ఆయనకు పెద్ద ఆసక్తి లేదు. నాంపల్లి నుమాయిష్‌లో చిన్నప్పుడే ఎక్కి దిగారు. ఆయన నేరుగా పశువుల పాకలోకి దారితీస్తారు. కొడుకు వెంట వెళ్ళక తప్పదు, ఎందుకంటే టికెట్లు కొడుకు ఫోన్లో ఉన్నాయి.

అక్కడ మొదటి అవమానం జరుగుతుంది. కొడుకు ఒక దొడ్డి ముందు ఆగి, "మేకలు భలే శుభ్రంగా ఉన్నాయి నాన్నా" అంటాడు. అవి గొర్రెలు. పోటీకి తెచ్చే గొర్రెలకు ఉన్ని అంతా కత్తిరించి, నున్నగా చేసి, కొన్నింటికి చలవ చొక్కాలు కూడా తొడుగుతారు కాబట్టి పొరబడటం అంత పెద్ద నేరమేమీ కాదు. కానీ బాబాయి గారు చుట్టూ చూస్తారు, ఎవరైనా తెలుగువాళ్ళు విన్నారేమోనని. ఎంసెట్‌లో మంచి ర్యాంకు, బే ఏరియాలో ఉద్యోగం, ఇప్పుడు క్లౌడేదో కడుతున్నాడు. గొర్రెకూ మేకకూ తేడా తెలియదు. "తోక చూడరా," అంటారు గొంతు తగ్గించి. "పైకుంటే మేక. కిందికుంటే గొర్రె. ఇంకెక్కడా అనకు."

ఆ పాకలోనే ఆయన అసలు కొలువు మొదలవుతుంది. పన్నెండేళ్ళ పిల్ల ఒకతి నల్లమచ్చల హోల్‌స్టీన్ పెయ్యకు స్నానం చేయించి, హెయిర్ డ్రయ్యరు లాంటి పెద్ద గొట్టంతో ఒళ్ళారబెడుతూ ఉంటుంది. ఈ పిల్లలంతా ఫోర్-హెచ్ క్లబ్బుల వాళ్ళు. 1902లో ఒహాయోలోని క్లార్క్ కౌంటీలో ఎ.బి. గ్రాహం అనే బడి సూపరింటెండెంటు పల్లె పిల్లల కోసం పెట్టిన క్లబ్బు దీనికి మూలం. తల, గుండె, చేతులు, ఆరోగ్యం అన్న నాలుగు మాటల మీద పేరు, నాలుగు రేకుల ఆకు గుర్తు. పిల్ల తానే పశువును మేపి, లెక్క రాసి, మచ్చిక చేసి, న్యాయనిర్ణేత ముందు నడిపించాలి. బాబాయి గారు అదంతా విని, "హోంవర్కు ఎప్పుడు చేస్తుందట?" అని మాత్రం అడుగుతారు.

పక్కన మడత కుర్చీలో ఆ పిల్ల తాత. ఓవరాల్సు, టోపీ, పెద్ద చేతులు. బాబాయి గారు తన ఆఫీసు ఇంగ్లీషును దుమ్ము దులిపి బయటికి తీస్తారు: "సర్, కైండ్లీ టెల్, హౌ మచ్ మిల్క్ పర్ డే?" తాత తన పెద్దావును చూపించి ఎనభై పౌండ్లంటాడు. అమెరికాలో పాడి లెక్కంతా పౌండ్లలోనే. బాబాయి గారు గాలిలో వేలితో గుణించి, భాగించి, ముప్పై ఐదు లీటర్ల దగ్గర ఆగిపోతారు. మొహం పాలిపోతుంది. ఆయన జీవితంలో పెంచిన ఉత్తమ గేదె రెండు పూటలా కలిపి పది దాటలేదు.

ఓడిపోయి వచ్చే మనిషి కాదు. పాలకేంద్రంలో గొట్టాలతో పరీక్ష చేయించి డబ్బు తెచ్చుకున్న రైతు. ఒక్క క్షణం ఆగి, "ఫ్యాట్ పర్సెంటేజ్?" అంటారు. నాలుగుకు లోపే అని తాత ఒప్పుకుంటాడు. "అవర్ బఫెలో, సెవెన్," అని ఏడు వేళ్ళు చూపిస్తారు బాబాయి గారు. తాత టోపీ తీసి తల గోక్కుంటాడు. తర్వాత ఇద్దరూ కలిసి ఆవు నోరు తెరిచి పళ్ళు చూస్తారు, పొదుగు చూస్తారు, గిట్టలు చూస్తారు. మూడో ఈతని ఇద్దరూ వేళ్ళ మీదే తేల్చుకుంటారు. నుదుటి సుడి గురించి చెప్పడానికి మాత్రం ఆయన ఇంగ్లీషు చాలదు, కొడుకుని అనువదించమంటారు. కొడుక్కి సుడి అంటే తెలుగులోనే తెలియదు.

మర్నాటి నుంచి కొడుకు పొద్దున్న ఆఫీసుకు పోతూ ఆయన్ని గేటు దగ్గర దింపి, సాయంత్రం ఎక్కించుకుంటాడు. బడి పిల్లాణ్ణి దింపినట్టే, సంచీలో నీళ్ళ సీసాతో సహా. ఒకరోజు వృద్ధులకు ప్రవేశం ఉచితమన్నారు. వారం పాసు కొన్న ఆయనకు ఆ రోజంతా కడుపు మండిపోయింది.

తిండి దగ్గర ఆయన లెక్క వేరు. గరాటులోంచి పిండి నూనెలోకి వలయాలుగా వదిలి, పైన చక్కెర పొడి చల్లే ఫనెల్ కేకు చూసి "చుట్టడం రాని జిలేబీ" అని కొట్టిపారేస్తారు. బిస్కట్లకు కూడా పిండి పట్టించి వేయించడం చూసి, బజ్జీలకు లోకంలో హద్దే లేదన్న నిర్ణయానికొస్తారు. కొనేది మాత్రం కాల్చిన మొక్కజొన్న కండె ఒక్కటే. దాన్ని వెన్నలో ముంచి ఇస్తారు. పిన్ని గారు చేతిసంచీ తెరిచి, మెడ దగ్గర రబ్బరు బ్యాండు చుట్టిన చిన్న పొట్లం తీస్తారు: ఉప్పూ కారం. ఎవరూ చూడకుండా నిమ్మరసం బండి దగ్గర అడిగి తెచ్చుకున్న ముక్కతో రుద్దుతారు. ధర మాత్రం ఇద్దరూ రూపాయల్లోకి మార్చుకుని, గింజ కూడా వదలకుండా తింటారు.

పిల్లల పోటీల ఫలితాలు రాగానే ఆయనకు పెద్ద ధర్మసందేహం. ఒకే వరసలో ఏడుగురికి నీలం రిబ్బన్లు. "అందరికీ ఫస్టా? మరి ర్యాంకు?" ఈ క్లబ్బుల్లో చాలా చోట్ల పిల్లల్ని ఒకరితో ఒకరిని పోల్చరు, పనిని ముందే పెట్టిన ప్రమాణంతో పోల్చి మార్కులేస్తారు, ప్రమాణం అందుకున్న వాళ్ళందరికీ నీలమే. కొడుకు వివరిస్తాడు. ఆయన వినరు. కొడుకు పేరు పేపర్లో పడ్డ రోజున ర్యాంకు పక్కన ఎవరి పేరూ లేదు కదా, ఆయన ఎలా వింటారు? ఆఖర్న అన్నిటికీ మించిన పశువుకు ఊదా రిబ్బను కడతారని తెలిశాకే మనసు కుదుటపడింది. "అదీ. ఒకడు పైన ఉండాలి."

సాయంత్రాలు గ్రాండ్‌స్టాండు. పాత కార్ల అద్దాలు పీకేసి, ఒకదాన్నొకటి ఢీకొట్టి, ఆఖరి వరకూ ఎవరి ఇంజను ఆడితే వాళ్ళే గెలిచే డెమాలిషన్ డెర్బీ చూసి కొడుకు వైపు తిరిగారు. కిందటి నెల ఆయన కారు తలుపు గోడకు కొద్దిగా తగిలిస్తే కొడుకు మూడు రోజులు మాట్లాడలేదు. ఇప్పుడు బాబాయి గారు ఏమీ అనలేదు. చూశారంతే. డ్రైవరు వైపు తలుపును గుద్దకూడదన్న నియమం ఉందని విని, "అన్నీ ఆలోచించే పెట్టారు" అన్నారు.

ట్రాక్టర్ల లాగుడు పోటీ రాత్రి మాత్రం ఆయన వెనక వరసకు కూడా పాఠం చెప్పారు. పల్నాడులో, ప్రకాశంలో తిరునాళ్ళకు ఎద్దుల జతతో బండ లాగిస్తారు. గడువులోగా ఎన్ని అడుగులు లాగితే అంత. ఇక్కడ ట్రాక్టరుకు కట్టే స్లెడ్డు మీద బరువు పెట్టె ఉంటుంది. ముందుకు పోయేకొద్దీ అది చక్రాల మీంచి జారి ముందుకొచ్చి నేలను నొక్కుతుంది. అందుకని మూడొందల అడుగుల చివర్లో పెద్ద ఇంజన్లు కూడా గుర్రుమని ఆగిపోతాయి. బాబాయి గారు దీన్ని చాలాసేపు పరిశీలించి, "బండకే కుట్ర నేర్పారు" అని మెచ్చుకున్నారు. ఎద్దుల్ని పళ్ళను బట్టి వర్గాలు చేస్తామని వెనకాయనకు చెప్పబోయి, ట్రాక్టరుకు పళ్ళెలా చూపించాలో తోచక ఊరుకున్నారు.

ఆ వారంలో ఆయన గొంతు పోయింది మాత్రం ఎద్దు సవారీ రోజు. గేటు తెరుచుకుని ఎద్దు బయటికి దూకింది. దాని మీద కుర్రాడు ఎనిమిది సెకన్లు నిలవాలి. నిలిచాడో లేదో బాబాయి గారు చూడలేదు. ఆయన చూసింది మూపురం. ఆ తర్వాత మెడ కింద వేలాడే గంగడోలు. లేచి నిలబడి, "ఒరేయ్! ఇది మనది!" అని అరిచారు.

జనం నవ్వారు కానీ ఆయన అన్నదాంట్లో అబద్ధం పెద్దగా లేదు. సవారీ ఎద్దుల్లో చాలావాటికి అమెరికన్ బ్రాహ్మన్ జాతి రక్తం ఉంటుంది. ఆ జాతిని అమెరికా దక్షిణ రాష్ట్రాల పశుపాలకులు మన దేశపు పశువుల నుంచే తయారు చేసుకున్నారు: గుజరాత్, గిర్, కృష్ణా వ్యాలీ, నెల్లూరు. నెల్లూరంటే వాళ్ళ లెక్కలో మన ఒంగోలు జాతే. బ్రెజిల్‌లో ఇప్పటికీ దాని పేరు నెలోరే. ఆ జాతి పెంపకందార్ల సంఘం 1924లో పుట్టింది. ఎండకు తట్టుకుంటుంది, గోమార్లను లెక్కచెయ్యదు. ఇదంతా కొడుకు ఫోన్లో వెతికి చదివి వినిపించాడు, బ్రెజిల్ నుంచి మెక్సికో మీదుగా కూడా కొన్ని వచ్చాయన్నదాంతో సహా. బాబాయి గారు అటూ ఇటూ చూసి, "ఏ దారిన వచ్చిందన్నది మనకెందుకు. స్థిరపడిందా లేదా?" అన్నారు.

శనివారం వేలం. పిల్లలు తాము పెంచిన జీవాలను అమ్ముతారు. వేలంపాట వాడు గుక్క తిప్పుకోకుండా ధర పాడుతుంటే బాబాయి గారికి మొదట చిరాకు. సంతలో బేరమంటే తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని గుట్టుగా తేల్చుకునేది. ఇలా ధర బయట అరిస్తే బేరమెలా అవుతుంది? పైగా దాణా కొట్టు యజమాని ఒకాయన ఒక పందికి బజారు ధరకు ఎన్నో రెట్లు పాడేశాడు. "మతి పోయిందా ఇతనికి?" ఆ డబ్బు పిల్ల కాలేజీ చదువుకు పోతుందని, ఊళ్ళో వ్యాపారులు ఏటా ఇలాగే పాడతారని, పాడినవాళ్ళ పేరు మైకులో చదువుతారని పశువుల పాకలో నేస్తమైన తాత చెప్పాడు.

బాబాయి గారి మొహం వెలిగింది. "అలా చెప్పు. ఇది వేలం కాదు, చదివింపులు!" మైకులో పేరు వినపడ్డప్పుడల్లా ఆ పేరు గలవాళ్ళకేసి తిరిగి పెళ్ళిపెద్దలా తలూపుతూ కూర్చున్నారు.

ఆదివారం రాత్రి రాట్నాలు విప్పి లారీలకెక్కించారు. సోమవారం పొద్దున ఆయన పక్క కౌంటీ ఫెయిరు తేదీలు కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించారు. కొడుకు పలకలేదు. వచ్చే ఏడాది టికెట్లు జూలైకి సరిపడా ఇప్పుడే చూడమన్నారు. ఈసారి ప్రేక్షకుడిగా కాదట. పచ్చళ్ళ పోటీలో పిన్ని గారి ఆవకాయ పెట్టాలట. అక్కడ సీసాల్లో వరసగా పెట్టిన వెనిగర్ దోసకాయలను చూసి ఆవిడ, "నూనె లేదు, కారం లేదు, ఆసుపత్రిలో పెట్టినట్టున్నాయి" అనడమే దీనికి కారణం.

దరఖాస్తు బాబాయి గారే నింపుతున్నారు. చాలా చోట్ల పరీక్షించిన వంట విధానమే వాడాలని, సీసాను మరుగునీళ్ళలో ఎంతసేపు ఉంచారో రాయాలని నిబంధన ఉంటుంది. ఆ గడి దగ్గర కలం ఆగింది. పిన్ని గారిని అడిగారు. వంటింట్లోంచి ఆవిడ సమాధానం వచ్చింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని, పెద్దక్షరాలతో ఇంగ్లీషులో రాశారు: "ఉడికించరాదు. మూడవ రోజున తిరగ కలుపవలెను."