నోటుబుక్కులో ఈ-మెయిలు

ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల బాలబాలికలకు ఇంగ్లీషు పఠనమును, దానితోపాటు డిజిటల్ సంభాషణా నైపుణ్యమును ఒకే పీరియడులో ప్రసాదింపబూనిన మన విద్యాసంస్కర్తల ఔదార్యమును కొనియాడ దలచినవాడు రాజధానిలోని సభాభవనములను విడిచి, సంగారెడ్డి జిల్లాలోని కల్హేర్ వంటి చోటికి విచ్చేయుట మేలు. 2016 వఱకు మెదక్ జిల్లాలో నుండిన ఈ నారాయణఖేడ్ సీమ ఒకవైపు కర్ణాటకమునకు, మఱియొకవైపు మహారాష్ట్రమునకు చేరువైనది. నల్లవాగు ప్రాజెక్టు నీరు పాఱు పొలములు కొన్ని, వానకై మొగము వాచిన చేలు కొన్ని, వాని నడుమ తండాలు. ఇచ్చటి పిల్లవాడు బడిగడప త్రొక్కునప్పటికే ఇంట లంబాడీయో కన్నడమో మరాఠీయో పలుకుచు, వీధిలో తెలుగు మాటాడుచు, సంతలో దక్కనీ ఉర్దూతో బేరమాడ నేర్చియుండును. ఇన్ని నాలుకలు గలవానికి ఇంకొక భాష నేర్పుట యెంతపని యని పామరులు తలంతురు. పామరుల అంచనాను ఏటేట ఓడించుటలో మన పద్ధతికి సాటి లేదు.

ఈ సీమకు చదువు ఎల్లప్పుడును పైనుండి దిగివచ్చిన భాషలోనే వచ్చినది. ఉర్దూ మాధ్యమమున ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో వెలసిన నిజాము రాజ్యమున తాతలు దస్తావేజును ఎవరిచేతనో చదివించుకొనిరి. 2022-23 విద్యాసంవత్సరము మొదలు ఎనిమిదవ తరగతి వఱకు సర్కారు బడులలో ఇంగ్లీషు మాధ్యమము ప్రవేశపెట్టబడగా, ఒక పుట ఇంగ్లీషు, ఎదుటి పుట తెలుగుగా ముద్రితములైన పాఠ్యపుస్తకములు మనుమల చేతికి అందెను. పిల్లవాడు సహజముగా ఎదుటి పుటనే చదువును. ఇంగ్లీషు వాచకమునకు మాత్రము ఎదుటి పుట లేదు. కావున అచ్చట గైడు కలదు.

ఇక డిజిటల్ సంభాషణను గూర్చి. ఈ-మెయిలు వ్రాయుట యను పాఠము వచ్చినదనుకొనుడు. ఉపాధ్యాయుడు నల్లబల్లపై ఒక దీర్ఘచతురస్రమును గీసి, అందు టు, ఫ్రమ్, సబ్జెక్ట్ అను గదులు చేసి, గ్రహీత చిరునామా నడుమ నుండవలసిన ఆ చుట్టతోక గుర్తును పిల్లలచేత పదిమార్లు దిద్దించును. పిదప, పెండ్లికి రమ్మని పట్టణవాసియైన మిత్రునకు వ్రాయదగిన ఆహ్వానమును బల్లపై ఎక్కించును. నలుబదిమందియు స్కేలు పెట్టి మార్జిను గీసి, నీలిసిరాతో దానిని యథాతథముగా దింపుకొందురు. ఆ నలుబదిమంది అక్కలకును ఒకే ఆదివారమున, ఒకే ముహూర్తమున, ఒకే మండపమున వివాహము; పిలువబడిన మిత్రుడును ఒక్కడే. ఎఱ్ఱసిరాతో దిద్దుబాటు జరుగును; సంతకము క్రింద గీత లేదని అర మార్కు కోయబడును. ఆ ఈ-మెయిలు ఎన్నడును పంపబడదు, ఎవరికిని అందదు, దానికి ప్రత్యుత్తరమును రాదు. పంపని ఉత్తరము వ్రాయుటలో ఇంతటి ప్రావీణ్యమును సంపాదించిన తరము ప్రపంచమున మఱియొకటి యుండబోదు.

2017లో కేంద్రము దీక్షా వేదికను నెలకొల్పిన పిమ్మట పాఠ్యపుస్తకములలో పాఠమున కొక క్యూఆర్ కోడు వెలసినది. ఆ చిన్న చదరమునకు ఫోను చూపినచో వీడియో పాఠము ప్రత్యక్షమగునట. ఫోను బడికి తేరాదు. వీడియో చూపు ఫోనో, దసరా దాటగానే చెఱకు నఱకుటకు వలసపోయిన తండ్రి జేబులో ఏ చక్కెర కర్మాగారము చెంతనో ఉన్నది. ఐనను ఆ చదరము వ్యర్థము కాలేదు. దానిలోని తెల్లని గడులను బాల్‌పెన్నుతో నింపుట కడపటి బెంచీవారికి చక్కని వ్యాసంగము. కరోనా కాలమున, 2020 సెప్టెంబరు 1 నుండి, దూరదర్శన్ యాదగిరిలోను టీ-శాట్‌లోను పాఠములు ప్రసారమైనప్పుడును ఇట్లే జరిగెను: గురువు తెరపై నుండెను, బాలుడు మేకల వెంట నుండెను, నివేదికలో ఇద్దఱును కలిసికొనిరి.

పఠనమందురా, దానికి నిరంతర సమగ్ర మూల్యాంకనములో మార్కులే కలవు. గ్రంథాలయపుస్తకమును చదివి విద్యార్థి తన ప్రతిస్పందనను వ్రాయవలెను. ఊహ ప్రశస్తమే. కాని పుస్తకములు ఇనుపబీరువాలో, బీరువా తాళపుచెవి ప్రధానోపాధ్యాయుని సొరుగులో, ఆయన నిద్ర స్టాకు రిజిస్టరులో ఉన్నవి. ఒక్క పుస్తకము పోయిన లెక్క చెప్పవలసినవాడు ఆయనయే. 2022 ఫిబ్రవరిలో నూఱు దినముల పఠనోద్యమము ప్రకటింపబడినపుడు పిల్లల మాట యెట్లున్నను పుస్తకములకు కొంత గాలి తగిలినది: ఊరేగింపునకు వెలువడి మరల గర్భగుడి చేరు ఉత్సవమూర్తులవలె అవి వరండాలోకి వచ్చి, పిల్లల చేతులలో ఒక్క ఫొటోకు నిలిచి, బెల్లు కొట్టకమునుపే బీరువా చేరినవి. ప్రతిస్పందనయో, అప్పటికే సిద్ధము. ఐ లైక్ దిస్ స్టోరీ వెరీ మచ్. పుస్తకము పేరుమాత్రము మార్చిన చాలును.

ఇందు ఉపాధ్యాయుని నిందింపబోను. ఆ తరగతిలో డిజిటల్ సంభాషణను నిరాఘాటముగ అభ్యసించుచున్నవాడు ఆయన యొక్కడే. హాజరు ఒక యాప్‌లో, మధ్యాహ్న భోజనపు లెక్క వేఱొకదానిలో, చదువుచున్న పిల్లల ఫొటో బడుల కాంప్లెక్సు వాట్సాప్ గ్రూపులో. దానిక్రింద బొటనవ్రేలి గుర్తులు ఎన్ని పడినవో చూచుకొనుసరికి పీరియడు ముగియును. పిల్లలకు చదువు వచ్చెనా యని పైవారు అడుగరు, పంపితిరా యని అడుగుదురు.

పల్లెపిల్లల చదువును కొలుచు అసర్ సర్వే 2024లో చెప్పిన ప్రకారము దేశపు గ్రామములలో 14-16 ఏండ్లవారిలో నూటికి 82 మంది స్మార్ట్‌ఫోను వాడనేర్చినవారే. సర్వేకు ముందటి వారములో చదువుకై దానిని వాడినవారు 57 మంది, సోషల్ మీడియాకై వాడినవారు 76 మంది. అనగా వ్రేలితో తెరను జరుపుట నేర్పవలసిన పని ఎవరికిని లేదు. జరుపుచున్న తెరపై నున్నదానిని చదువుటయే మిగిలినది.

అదియు ఇంటివద్ద జరుగుచునే యున్నది. తల్లిదండ్రులు చెఱకుతోటకు పోగా నాయనమ్మతో మిగిలిన ఏడవ తరగతి పిల్లయే ఆ ఇంటికి కరణము, మున్షీ, ప్లీడరు. ఇంట మిగిలిన ఫోనుకు బ్యాంకునుండి ఇంగ్లీషున వచ్చిన సందేశమును చూచి డబ్బు పడినదో పోయినదో చెప్పవలసినది ఆమెయే. కేవైసీ గడువు తీరినది, ఈ లింకు నొక్కుడు, లేనిచో ఖాతా మూసివేయబడును అని బెదరించు సందేశము వచ్చినపుడు నొక్కవలెనో మానవలెనో నిర్ణయింపవలసినదియు ఆమెయే. పంపినది ఎవరు? ఇంత తొందర ఏల? బ్యాంకువారు ఇట్లు వ్రాయుదురా? లింకులోని అక్షరములు బ్యాంకు పేరుతో సరిపోవుచున్నవా? మోసపోయినచో 1930 అను నంబరునకు ఫోను చేయవలెనని ఎవరైన చెప్పిరా? మూడు పంక్తుల ఆ సందేశమున వ్యాకరణము కలదు, స్వరము కలదు, కపటము కలదు. పఠనావగాహనకు ఇంతకు మించిన పాఠమును ఏ పాఠ్యప్రణాళికాసంఘము కూర్పగలదు? దానిని నల్లబల్లపై వ్రాసి నలుబదిమందిచేత చీల్చి చెండాడించుటకు ఇంటర్నెట్టు అక్కఱలేదు, కరెంటును అక్కఱలేదు.

ఐనను ఈ సూచనను ఏ శిక్షణతరగతిలో వెల్లడించినను వచ్చు ఆక్షేపణలను నేను ముందుగనే ఎఱుగుదును. ఇది ఏ అభ్యసన ఫలితము క్రిందికి వచ్చును? ఫారములో ఏ గడిలో నింపుదుము? స్లిప్ టెస్టునకు దీనిపై ప్రశ్న ఎవరిచ్చిరి? అన్నిటికంటె చిక్కైనది మఱియొకటి కలదు: పిల్లలందఱు తలలు వంచుకొని బల్లపై నుండి దింపుకొన్న మూడు పంక్తులతో పెనగులాడుచుందురు, ఒక్కరి మొగమును కనబడదు, చేతిలో రంగుల అట్టపుస్తకము లేదు, వెనుక బ్యానరు లేదు, అట్టి ఫొటోను గ్రూపులో పెట్టినచో ఇచ్చట ఏమి జరుగుచున్నదని సంజాయిషీ అడుగరా?