నాలుగు వేళ్ల లోపం

నాచారం పారిశ్రామికవాడలో ముప్పై ఏళ్లు తనిఖీ పని చేసి రిటైరైన మనిషిని గుర్తుపట్టడం తేలిక. చాయ్ గ్లాసు చేతికిస్తే ముందు వెలుతురుకు ఎత్తిపట్టి, అంచు పగిలిందేమో చూస్తాడు. తర్వాతే తాగుతాడు. ఉప్పల్ నుంచి మల్లాపూర్ దాకా ఏ చాయ్ బండి దగ్గర చూసినా ఇలాంటివాడొకడు తగులుతాడు. మా బండి దగ్గరి ఆయన్ని క్యూసీ కాక అంటాం. ఒకప్పుడు బేరింగులకూ బుష్షులకూ పాస్, రీవర్క్, రిజెక్ట్ అని చీటీలు కట్టేవాడు. ఇప్పుడు చేతిలో బుష్షులు లేవు గనక హీరోలకు కడుతున్నాడు.

"ఈ మధ్య హీరోలకు లోపాలు కూడా పెడుతున్నారు కాకా, భలే సహజంగా ఉంటోంది" అని ఏ కుర్రాడో నోరు జారితే చాలు.

"ఏం లోపం?"

"మతిమరుపు. 'భలే భలే మగాడివోయ్'లో నాని."

"మతిమరుపుతోని వానికేం పోయింది తమ్మీ? ఆఖరికి పిల్ల దొరికింది, మామ ఒప్పుకున్నడు. అది లోపం గాదు, పెయింట్ మీద గీత. తుడిస్తే పోతది."

'మహానుభావుడు'లో శర్వానంద్ శుభ్రత పిచ్చికీ అదే చీటీ. 'పుష్ప' ఎత్తిన భుజం మాటెత్తితే, "ఆ భుజంతోని ఒక్క దెబ్బన్న గురి తప్పిందా?" అన్నాడు. 'రంగస్థలం' చిట్టిబాబు చెవుడు సంగతి తెచ్చినవాడికి మాత్రం గట్టిగానే పడింది. "వినపడకపోవుడు ఆయన తప్పా? లోపం గుణంల వెతకాలె, ఒంట్ల గాదు."

కాక సూత్రం ఒకటే. లోపం నిజమైనదైతే దానికో బిల్లు వస్తుంది. ఆ బిల్లు కట్టేది సాధారణంగా పక్కవాళ్లు.

"1953ల నాగేశ్వరరావు దేవదాసును చూడు. లోపం తాగుడనుకుంటరు అందరు. అసలు లోపం తండ్రికి ఎదురు చెప్పకపోవుడు. బిల్లు పార్వతి కట్టింది, ముసలి జమీందారును చేసుకొని. తాగుడు ఆ బిల్లు మీద వడ్డీ." 2017 నాటి అర్జున్ రెడ్డికి మాత్రం సగం మార్కులే: "కోపం అసలుదే, తాగుడు అసలుదే. కానీ ఆఖర్ల పిల్ల తిరిగొచ్చింది. రీవర్క్ చేసి పాస్ చేసిండ్రు."

మన నాచారంలో స్టూడియో కట్టించిన రామారావు గారి దగ్గరికొస్తే కాక గొంతు కాస్త తగ్గుతుంది. 1977 సంక్రాంతికి వచ్చిన 'దాన వీర శూర కర్ణ'లో ఆయన కృష్ణుడు, కర్ణుడు, దుర్యోధనుడు మూడూ తానే, దర్శకత్వమూ తనదే. దుర్యోధనుడికి డ్యూయెట్ కూడా పెట్టిన ధైర్యం. అయినా తనిఖీ తనిఖీయే. "కర్ణుని లోపం దానం ఎక్కువ చేసుడంటరు. అది ఉద్యోగం ఇంటర్వ్యూల చెప్పే జవాబు. అసలు లోపం నిండు సభల ద్రౌపదిని అన్న మాట. అది ఎవ్వడు ఎత్తడు."

మరి పాసయిన రచయిత ఎవరు కాకా అంటే వ్యాసుడట. మహాప్రస్థానంలో ఒక్కొక్కరే కూలిపోతుంటే భీముడు ఎందుకని అడుగుతాడు. ధర్మరాజు వెనక్కి తిరగకుండానే రిపోర్టు చదువుతాడు: ద్రౌపదికి అర్జునుడి మీద పక్షపాతం, సహదేవుడికి తెలివి గర్వం, నకులుడికి అందం గర్వం, అర్జునుడికి ప్రగల్భాలు. చివరికి అడిగిన భీముడూ పడిపోతే తిండి, బలం మీద పొగరు. "ఫైనల్ ఇన్‌స్పెక్షనంటే గట్లుండాలె! చదివినాయనను గూడ వదల్లేదు. ద్రోణునికి చెప్పిన సగం అబద్ధానికి నేల తాకకుండ నడిచే రథం కిందికి దిగింది. ఎంత? నాలుగు వేళ్లు. కొలతతో సహా రాసిండు!"

చెబుతున్నప్పుడు కాక నాలుగు వేళ్లు చాపి చూపిస్తాడు. ఆ వేళ్లలో వెర్నియర్ కాలిపర్స్ కనబడతాయి మాకు.

మొన్న ఉండబట్టలేక అడిగాను. "మరి నీ లోపమేంది కాకా?"

సిద్ధంగానే ఉంది జవాబు. "నాకొక్కటే తమ్మీ. మొహం మీద చెప్పేస్త. మంచితనం ఎక్కువ."

నేను కర్ణుణ్ణి గుర్తుచేసేలోపే ఫోన్ మోగింది. కాక భార్య, మా కాకి. పొద్దున ఏడింటికి పాలకని పంపింది. తొమ్మిదైంది. రెండు ప్యాకెట్లు స్కూటర్ కొక్కేనికి వేలాడుతూ మే నెల ఎండను తాగుతున్నాయి.

"ఉప్పల్ రింగు రోడ్డు కాడ ట్రాఫిక్!" అని గట్టిగా అన్నాడు కాక. ఫోన్ కాస్త దూరం పట్టి, "ఉంటది రోజూ" అని గొంతులోనే అనుకున్నాడు.

ఒక్క అక్షరం అబద్ధం లేదు. రింగు రోడ్డు దగ్గర ట్రాఫిక్ ఉండనే ఉంటుంది. ఆయనే అక్కడ లేడు.

లేచి స్కూటర్ స్టాండు తీశాడు. కదల్లేదు. వెనక టైరు చప్పగా నేలకు కరుచుకుని ఉంది. వంగి, అలవాటుగా వేళ్లు పెట్టి కొలిచాడు. ఎన్ని వేళ్లు దిగిందో మాకు చెప్పలేదు.

"ట్యూబ్‌ల లోపం తమ్మీ," అన్నాడు. "తయారు చేసేటప్పుడే చూసుకోవాలె."

పంక్చర్ కొట్టు దాకా తోసుకుంటూ పోయాడు. కొక్కేనికి పాలు ఊగుతున్నాయి. ఆ రోజు వాళ్లింట్లో కాకి చాయ్ తాగలేదని మర్నాడు తెలిసింది.